కోలాహలములో కంఠస్వరము

గుంటూరు, పల్నాటి సీమలవారికి కోటప్పకొండ తిరునాళ్లను గూర్చి నేను వేఱుగా చెప్పనక్కఱలేదు. మహాశివరాత్రినాడు త్రికోటేశ్వరస్వామి దర్శనమునకై చుట్టుపట్ల ఊళ్లనుండి జనులు తండోపతండములుగా వత్తురు. ఆకాశము నంటునట్టి ప్రభలను కట్టి, విద్యుద్దీపములతో అలంకరించి తెత్తురు. ప్రభల కడ మైకులు మ్రోగుచుండును. ఒక మైకులో భజన, ఒక మైకులో పద్యము, వేఱొక మైకులో తప్పిపోయిన బిడ్డల పేర్లు. వీని నడుమ బూరల మ్రోత, రంగులరాట్నముల చప్పుడు, చెఱకుగడలమ్మువారి కేకలు.

కొన్ని యేండ్ల క్రిందట నేనును నా భార్యయు, ఆఱేండ్ల మా మనుమని వెంటబెట్టుకొని ఆ తిరునాళ్లకు వెళ్లితిమి. ఒక బొమ్మల అంగడి యొద్ద నేను బేరమాడుచుండగా పిల్లవాడు చేయి విడిపించుకొని జనములో కలిసిపోయెను. నాకు కాళ్లు వణకసాగినవి. వాని పేరు పెట్టి పిలిచితిని. ముప్పది యేండ్లకు పైగా తరగతిగదులలో మ్రోగిన నా గొంతు ఆ సందడిలో నా చెవులకే సరిగా వినబడలేదు. ఇంతలో నా భార్య నా చేయి పట్టుకొని, "ఉండండి, కేకలు వేయకండి. అదుగో, వాడే! ఆ వైపున" అనెను. ఆ వైపున నాకు మైకు హోరు తప్ప మఱేమియు వినరాలేదు. ఆమె జనమును త్రోసికొనుచు నడచెను. నేను వెనుక నడచితిని. జీళ్ల అంగడి చాటున మా పిల్లవాడు కన్నీళ్లు తుడుచుకొనుచు నిలిచియుండెను.

ఆ సమయమున అక్కడ నూఱుమంది పిల్లలైనను అఱచుచుండి యుందురు. వారిలో ఒక్కని గొంతును ఆమె చెవి ఎట్లు ఏఱుకొనెను? నా చెవి ఏల ఏఱుకొనలేకపోయెను? ఆ రాత్రి నన్ను నిద్రపోనీయని ఈ ప్రశ్ననే శాస్త్రజ్ఞులు దాదాపు డెబ్బది యేండ్లుగా అడుగుచున్నారు. నేడు మాటలతో పనిచేయు యంత్రములను నిర్మించువారికి కూడ ఇదియే పెద్ద చిక్కు.

మొదట ఆ చిక్కు ఎట్టిదో చూడుడు. కంటియెదుట పదిమంది నిలిచినచో వారి రూపములు వేర్వేఱుగా కనబడును. శబ్దము సంగతి అట్లు కాదు. పదిమంది గొంతులును గాలిలో తరంగములై ఒకదానితో నొకటి కలిసిపోవును. కర్ణభేరి పది విధములుగా కదలజాలదు. అన్ని తరంగములును కూడి ఎంత త్రోయునో అంతయే కదలును. అనగా చెవికి అందునది మొత్తము మాత్రమే, విడివిడి పద్దులు కావు. బియ్యమును మినుములను కలిపి ఱుబ్బిన పిండిని మీ చేతికిచ్చి, "ఇందులోని బియ్యపుపిండి ఒక గిన్నెలో, మినపపిండి ఒక గిన్నెలో పెట్టుడు" అనినచో మీరేమి చేయుదురు? మన చెవియు, దాని వెనుకనున్న మెదడును దినదినమును ఆ పనియే చేయుచున్నవి.

ఈ విషయమును పట్టుదలతో పరిశోధించినవారిలో మొదట చెప్పదగినవాడు కోలిన్ చెర్రీ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు. ఆ కాలమున విమానాశ్రయములలో రాకపోకలను నియమించు ఉద్యోగులు పలువురు వైమానికుల మాటలను ఒకే ధ్వనిపేటికనుండి వినవలసి వచ్చుచుండెను. ఎవరు ఏమనిరో తెలియక తికమక పడుచుండిరి. అక్కడ ఒక మాట తప్పుగా వినుట యనగా ప్రాణాపాయమే. చెర్రీ తన ప్రయోగముల ఫలితములను 1953లో ప్రకటించెను. విందులో పలువురు ఒక్కసారిగా మాటలాడుచుండగా మనము ఒక్కని మాటను ఎట్లు వినగలుగుచున్నాము అని ఆతడు ప్రశ్నించెను. కావున దీనికి పాశ్చాత్యులు 'కాక్‌టెయిల్ పార్టీ సమస్య' యని పేరు పెట్టిరి. మనము దీనిని పెండ్లిపందిరి సమస్య యనినను తప్పులేదు.

ఆతని ప్రయోగము చాల తేలికయైనది. ఒకే మనిషి చదివిన రెండు వేర్వేఱు విషయములను కలిపి రెండు చెవులకును వినిపించెను. విన్నవారు వానిని విడదీయుటకు ఎంతో శ్రమపడిరి. మరల మరల వినవలసి వచ్చెను. పిదప ఒక విషయమును కుడిచెవికిని, రెండవదానిని ఎడమచెవికిని వినిపించి, ఒక చెవిలో విన్నదానిని వెంటవెంటనే పలుకుమనెను. ఇది వారికి సులభమయ్యెను. అయితే రెండవ చెవిలో ఏమి వింటిరని అడిగినప్పుడు వారు దాదాపు ఏమియు చెప్పలేకపోయిరి. మగవాని గొంతు మాఱి ఆడుదాని గొంతు వచ్చినచో గుర్తించిరి. ఇంగ్లీషు మాఱి జర్మను భాష వచ్చినను గుర్తింపలేదు! అర్థమునకు తలుపు మూసినను గొంతునకు మాత్రము తలుపు తెఱచియే యున్నదన్నమాట.

1959లో నెవిల్ మోరే యను పరిశోధకుడు మఱియొక చిత్రము కనుగొనెను. శ్రద్ధ పెట్టని చెవిలో వినువాని పేరునే పలికినచో సుమారు మూడింట ఒకవంతు మంది దానిని పసిగట్టిరి. ఇది చదివినప్పుడు నాకు కొంత ఊరట కలిగినది. మా మనుమడు ఆనాడు పిలిచినది నాయనమ్మను; "తాతయ్యా" అని పిలిచియుండినచో నాకును వినబడియుండెడిదేమో యని నన్ను నేను సమాధానపఱచుకొంటిని. నా భార్య ఈ వాదము నంగీకరింపలేదు.

మన తెలుగువారికి ఇట్టి శ్రద్ధ క్రొత్త కాదు. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు కూర్చుందురు. ఒకడు సమస్య నిచ్చును, ఒకడు దత్తపది నిచ్చును, అప్రస్తుతప్రసంగి అడ్డుమాటలతో అవధాని మనస్సును చెదరగొట్టజూచును. వీని నడుమ గంట యెన్నిమార్లు మ్రోగెనో లెక్కించి చెప్పుట ఒక అంశము. తిరుపతి వేంకటకవులు మొదలైనవారు ఈ విద్యలో ఆఱితేఱినవారు. పృచ్ఛకులందఱును ఒక్కసారిగా మాటలాడరు గనుక ఇది చెర్రీ ప్రయోగముతో సరిసమానము కాదు. అయినను ఇతరుల మాట చెవినబడుచుండగనే గంటను విడువకుండుట సామాన్యమైన పని కాదు. అవధానమనగా శ్రద్ధయే కదా.

ఇక చెవి ఈ పనికి ఏయే ఆధారములను వాడుకొనుచున్నదో చూతము. మనకు చెవులు రెండు. ధ్వని కుడివైపునుండి వచ్చినచో కుడిచెవికి ముందుగను, ఎడమచెవికి తరువాతను చేరును. ఆ తేడా మిక్కిలి యెక్కువయైనప్పుడు కూడ సెకనులో పదివేలవ వంతులు ఆఱో ఏడో యుండును. అంతటి సూక్ష్మకాలమును మెదడు కొలుచును. హెచ్చుశ్రుతి గల ధ్వనులకు తల అడ్డముగా నిలిచి, దూరపు చెవికి వాని బలమును తగ్గించును. ఈ రెండు మార్గములను 1907లో రేలీ ప్రభువను భౌతికశాస్త్రజ్ఞుడు వివరించెను. ఒక చెవికి వినికిడి పోయినవారు చప్పుడు ఏ దిక్కునుండి వచ్చినదో తెలిసికొనలేక ఇబ్బందిపడుటకు కారణ మిదియే.

కాని "ఎక్కడ" అని తెలిసినంత మాత్రమున "ఎవరు" అని తెలియదు. ఈ తేడాను మనకు రామాయణమే చెప్పుచున్నది. దశరథుడు శబ్దవేధి. చీకటిలో సరయూతీరమున వినబడిన చప్పుడును బట్టి బాణము విడిచెను. గుఱి తప్పలేదు. అయితే అది నీరు త్రాగు ఏనుగు కాదు. తల్లిదండ్రులకై కుండ ముంచుచున్న మునికుమారుడు. దిక్కును పట్టిన చెవి మనిషిని పట్టలేదు.

మనిషిని పట్టించునది కంఠస్వరము. మన గొంతులోని స్వరతంత్రులు ఊపిరి తాకిడిచే కంపించును. పురుషులలో అవి సెకనునకు ఇంచుమించు 100 నుండి 130 మార్లు, స్త్రీలలో సుమారు 200 మార్లు, చిన్నపిల్లలలో 300 మార్లవఱకు కంపించును. ఈ నాదము కంఠము, నోరు, ముక్కు గుండ వెలికివచ్చునప్పుడు ఆ గొట్టము పొడవును, వంపును, పండ్ల వరుసను బట్టి కొన్ని కంపములు బలపడును, కొన్ని అణగిపోవును. వయసు వచ్చిన పురుషునిలో ఆ మార్గము 17 సెంటీమీటర్లుండును. ఒకే వెదురునుండి కోసిన రెండు పిల్లనగ్రోవులు కూడ ఒక్కతీరున పలుకవు గదా. ఇక మనుష్యులలో చెప్పవలసినదేమి? దీనికి తోడు మనము నేర్చుకొన్న యాస, మాటకు మాటకు నడుమ నిలుపు, కొన్ని అక్షరములను నొక్కుట లేక మ్రింగుట, ఇవన్నియు కలిసి "ఇది ఫలానావాని గొంతు" అనిపించును.

చూపు కూడ వినికిడికి తోడ్పడును. మాటలాడువాని ముఖము కనబడుచుండినచో సందడిలో మాటలు ఎక్కువగా తెలియునని సంబీ, పోలాక్ అనువారు 1954లోనే నిరూపించిరి. చెవి మందగించినవారు "ఇటు తిరిగి చెప్పు నాయనా" అనుట ఊరక కాదు.

అయితే గొంతు వ్రేలిముద్రవలె మాఱక యుండునది కాదు. పడిశము పట్టినచో మాఱును. కోపములో మాఱును. అన్నిటికంటె ముఖ్యముగా, చుట్టును మ్రోత హెచ్చినకొలది మనకు తెలియకయే మనము గొంతు పెంచుదుము. అప్పుడు శ్రుతి పెరుగును, అచ్చులు సాగును. దీనిని 1911లో ఫ్రాన్సుదేశపు వైద్యుడు లోంబార్డు ప్రకటించెను. ప్రశాంతమైన గదిలో మీ గొంతు నేర్చుకొన్న యంత్రము సంతలో మిమ్ము పోల్చుకొనలేకపోవుటకు ఇది యొక కారణము. సందడి మీ గొంతును కప్పివేయుటయే గాక మీ గొంతునే మార్చివేయును.

మనుష్యులకే కాదు, ప్రాణులకును ఈ చిక్కు కలదు. దక్షిణ సముద్రములోని క్రోజెట్ ద్వీపములయందు రాజ పెంగ్విను పక్షులు వేలకొలది గుంపుగా నివసించును. వానికి గూళ్లు లేవు. సముద్రమునుండి ఆహారము తెచ్చిన తల్లి గాని తండ్రి గాని ఆ గుంపుచెంత నిలిచి కూయగా, పిల్ల ఆ కూతను గుర్తించి దరిచేరవలెను. పొరబడినచో ఆకలితో మాడవలెను. ఇతర పక్షుల కూతలు ఒక్కసారిగా మ్రోగుచు, తల్లిదండ్రుల కూత వానికంటె తక్కువ బలముతో వినబడినను పిల్ల దానిని గుర్తించునని ఓబాన్, జువాంతాన్ అను ఫ్రెంచి పరిశోధకులు 1998లో తెలిపిరి. కోటప్పకొండలో మా మనుమని కథ అక్కడ నిత్యము జరుగుచున్నదన్నమాట.

ఇక యంత్రముల మాట. 1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 'ఆడ్రీ' అను యంత్రమును నిర్మించిరి. అది సున్నమొదలు తొమ్మిదివఱకు అంకెలను విని గుర్తించెడిది. అయితే దానికి అలవాటైన మనిషి నింపాదిగా, నిలుపుచు పలుకవలెను. క్రొత్తవారు పలికినచో తడబడెడిది. అదే ప్రయోగశాలకు చెందిన లారెన్సు కెర్స్టా 1962లో శబ్దమును చిత్రముగా కాగితముపై వ్రాయు సాధనముతో, గొంతు కూడ వ్రేలిముద్రవంటిదేనని వాదించెను. న్యాయస్థానములలో సైతము అట్టి చిత్రములను సాక్ష్యముగా చూపిరి. కాని 1979లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు నియమించిన సంఘము, ఈ పద్ధతికి తగినంత శాస్త్రాధారము లేదనియు, మిక్కిలి జాగరూకతతో మెలగవలెననియు హెచ్చరించెను. ఒక మనిషి జైలుపాలగుట ఒక చిత్రముపై ఆధారపడియున్నప్పుడు తొందరపాటు తగదు కదా.

నేటి పద్ధతి వేఱు. కంప్యూటరు మాటను సెకనులో నలుబదవ వంతు చొప్పున చిన్నచిన్న తునుకలుగా చేయును. ఒక్కొక్క తునుకలో ఏయే కంపములు ఎంత బలముతో నున్నవో లెక్కించును. మీ గణితపు నోటుపుస్తకములోని గళ్లకాగితమును తలచుకొనుడు. అడ్డముగా కాలము, నిలువుగా కంపముల సంఖ్య, ప్రతి గడిలోను ఆ కంపము బలము. ఇద్దఱు ఒక్కసారి మాటలాడినను ప్రతి గడిలోను ఇద్దఱును సమానముగా ఉండరు. కొన్ని గళ్లలో ఒకని గొంతు బలముగా నుండును, కొన్నిటిలో రెండవవానిది. ఏ గడి యెవరిదో తెలిసినచో, కావలసినవాని గళ్లను నిలిపి తక్కినవానిని అణచివేయవచ్చును. పిండి ముద్దగా చూచినచో విడదీయుట అసాధ్యము. రేణువు రేణువుగా చూచినచో కొంత సాధ్యమగును.

ఏ గడి యెవరిదో యంత్రమునకు ఎవరు నేర్పుదురు? ఇక్కడ శాస్త్రజ్ఞులు చక్కని యుపాయము పన్నిరి. వేలకొలది మనుష్యుల మాటలను విడివిడిగా తీసికొని, తామే వానిని కలిపి యంత్రమున కిచ్చిరి. విడదీసిన పిదప దాని జవాబును అసలుతో పోల్చి, తప్పునుబట్టి దాని లెక్కలను కొంచెము కొంచెము దిద్దిరి. పిండిని కలిపినవారు తామే గనుక ఏది యెంతయో వారికి తెలియును. ఇట్లు లక్షలమార్లు దిద్దగా యంత్రము ఎఱుగని గొంతులను కూడ విడదీయ నేర్చెను. 2018లో గూగుల్ సంస్థవారు ఇంకొక యడుగు వేసిరి. ముందుగా ఒకని గొంతును కొన్ని సెకనులు యంత్రమునకు వినిపింతురు. అది ఆ గొంతు లక్షణములను కొన్ని వందల అంకెల పట్టికగా మార్చుకొనును. పిదప ఎంతమంది మాటలాడినను ఆ పట్టికకు సరిపడు గొంతును మాత్రము వెలికితీయ యత్నించును. నా భార్య మనస్సులో మనుమని గొంతు ముందే ముద్రపడియున్నట్లే ఇదియు.

రెండు చెవుల సూత్రమును కూడ యంత్రములు విడువలేదు. 2014లో అమెజాన్ సంస్థ వెలువరించిన 'ఎకో' అను మాటలాడు పరికరమునకు ఏడు మైకులుండెను: చుట్టును ఆఱు, నడుమ ఒకటి. శబ్దము గాలిలో సెకనునకు సుమారు 343 మీటర్లు పయనించును. ఏడు సెంటీమీటర్ల ఎడము గల రెండు మైకులనడుమ దానికి సెకనులో అయిదువేలవ వంతు కాలము పట్టును. ముందుగా అందిన ధ్వనిని అంతసేపు ఆపి తరువాతి దానితో కలిపినచో ఆ దిక్కునుండి వచ్చిన మాట బలపడును. ఇతర దిక్కులవి ఒకదానితో నొకటి పొసగక బలహీనపడును. పది మంది చేతులు ఒక్క తాళమునకు పడినప్పటి చప్పట్లకును, ఎవరికి వారు కొట్టిన చప్పట్లకును గల భేదమే ఇది.

ఇన్ని యుపాయములున్నను యంత్రము నేటికిని మోసపోవుచున్నది. 2017లో బ్రిటనులో ఒక పత్రికారచయిత బ్యాంకులో తన గొంతునే తాళముగా పెట్టుకొనెను. ఆతని కవల సోదరుడు ఆ గొంతును అనుకరించి ఆ తాళమును తెఱచెను. వారు ఒకే పోలిక గల కవలలు కూడ కారు. నేడు కొద్దిపాటి మాటను విని ఆ గొంతునే సృష్టించు యంత్రములు వచ్చినవి. బంధువు గొంతుతో ఫోనులో ఆపద చెప్పి ధనము గుంజు దొంగలు బయలుదేఱినారు. అట్టి పిలుపు వచ్చినప్పుడు దానిని ఆపివేసి, మనకు తెలిసిన సంఖ్యకు మనమే పిలిచి విచారించుట మేలు.

దొంగల మాట అట్లుండగా, ఈ విద్యవలన నావంటివారికి కలుగగల మేలు గొప్పది. తిరునాళ్ల సంఘటన తరువాత నేను వైద్యునికడకు వెళ్లితిని. లోపలి చెవిలో కర్ణావర్తమను శంఖమువంటి యవయవము కలదు. అందలి సన్నని రోమకణములు వయసుతో నశించును. నశించినవి మరల మొలవవు. మొదట పోవునవి హెచ్చుశ్రుతిని గ్రహించునవి. కావున అచ్చులు వినబడును గాని స, శ, ష, త వంటి హల్లులు చేజారిపోవును. ఎవరో మాటలాడుచున్నారని తెలియును, ఏమనుచున్నారో తెలియదు. పెండ్లిపందిరిలో నలుగురు నవ్వినప్పుడు నేనును నవ్వుదును. ఎందులకు నవ్వితిమో ఇంటికి వచ్చి నా భార్యనడిగి తెలిసికొందును. ముసలివారు పదిమందిలోనికి వచ్చుట మానుటకు ఇదియొక కారణమని తక్కినవారికి తోచదు.

వినికిడి యంత్రము పెట్టుకొంటిని. అది మాటను పెంచెను. దానితోపాటు పంకా హోరును, గిన్నెల చప్పుడును పెంచెను. ఏది నాకు కావలెనో దానికి తెలియదు. ఈ లోపమును తీర్చుటకే ఇప్పుడు పరిశోధనలు సాగుచున్నవి. 2012లో కాలిఫోర్నియాలో మెస్గరాని, చాంగ్ అను శాస్త్రజ్ఞులు, మూర్ఛరోగ చికిత్సకై మెదడుపై తీగలమర్చిన రోగులకు ఇద్దఱి మాటలను కలిపి వినిపించిరి. ఆ తీగలలో కనబడిన విద్యుత్స్పందనలు రోగి శ్రద్ధ పెట్టిన మనిషి మాటనే అనుసరించినవి. రెండవవాని మాట చాలవఱకు అణగిపోయెను. దీని నాధారముగా, వినువాని మెదడును బట్టి అతనికి కావలసిన గొంతును మాత్రము పెంచు పద్ధతిని 2019లో న్యూయార్కులో ప్రయోగశాలయందు చేసి చూపిరి. అట్టిది అంగడికి వచ్చి నా చెవికెక్కు దినమునకై ఎదురుచూచుచున్నాను.

మా మనుమడు ఇప్పుడు మీ ఈడువాడే. మొన్న సెలవులకు వచ్చినప్పుడు మాటలాడు పరికరమొకటి తెచ్చి, ఇంటిల్లిపాది గొంతులను దానికి నేర్పెను. మిక్సీ ఆడుచుండగా అది నన్ను వాడనుకొనెను. టెలివిజనులోని వార్తలవానికి బదులు చెప్పెను. పిల్లవాడు నవ్వి, "నాయనమ్మా, ఆ రోజు కొండకాడ అంత గోలలో నా గొంతు నీకెట్లా తెలిసింది?" అని అడిగెను.

నా భార్య అప్పడములు వత్తుచు తల యెత్తకయే చెప్పెను: "తెలియకపోవటమేమిటిరా! అందరు పిల్లలూ నాయనమ్మా అని సాగదీసి పిలుస్తారు. నీవు ముందు ముక్కు ఎగబీల్చి, 'నాయ్‌నమ్' అని సగంలో ఆపుతావు. ఇప్పుడూ అంతే."